నాన్న బండకు గుర్తు

మణల్‌తుర
ఏప్రిల్ 4, 2024

తమ్ముడు క్లీటస్‌కు,

యేసు క్రీస్తుకు స్తోత్రం.

నీ ఉత్తరం పెద్ద శుక్రవారం నాడు అందింది. ఆ పరాయి దేశపు జైల్లో ఫోను ఇవ్వరని, నెలకు ఒక్క కాగితమే ఇస్తారని, రాసింది వాళ్ళు చదివాకే పంపుతారని రాశావు. నేను రాసేదీ చదువుతారేమో. చదవనీ.

ఈస్టరు మర్నాడు మధ్యాహ్నం సముద్రం లేచింది. గాలి లేదు, మబ్బు లేదు. ఎక్కడో దక్షిణాన, మనకు అందనంత దూరంలో పుట్టిన అల అని తరవాత చెప్పారు. అన్నం వండుతున్నాను. పొయ్యి ఆరింది, గిన్నె తేలింది. అంతే. మన ముందున్న పనియడిమ వాళ్ళ ఇల్లు పోయింది. నువ్వు పడవ ఎక్కినప్పుడు మన ముందు మూడు వరసల ఇళ్ళు ఉండేవి. ఇప్పుడు మనమే ముందు వరస.

సర్కారు ఆఫీసు వాళ్ళు వచ్చారు. రైలు పట్టాలకు అవతల ఫ్లాట్లు కట్టారు. కావాలంటే ఇస్తారట. ఇల్లు పడగొట్టనిచ్చి స్థలం వదులుకోవాలి. చిన్న తమ్ముడు స్టెల్లస్‌కు అప్పటికి వయసు రాలేదని నాన్న ఇల్లు మనిద్దరి పేర రాశారు కనుక నీ సంతకం కూడా కావాలట. ఎంబసీ మనిషి చేతికి కాగితం పంపుతారు. నేనైతే సరేనన్నట్టే తలూపాను. నీ భార్య ఫ్రీడాకు ఇష్టం. నీళ్ళు వచ్చిన దగ్గర్నుంచి నీ కూతురు మంచం దిగితే భయపడుతోంది. నీ మాట రాయి.

స్టెల్లస్ బాగున్నాడు. కవ్వ చేపలు ఈ ఏడూ ఒడ్డుకు రాలేదు. ఒడ్డున నిలబడి కరవల వల లాగేవాళ్ళు లాగడం మానేశారు. మన వాడొక్కడే చిన్న పడవ వేసుకుని నీళ్ళ కిందున్న నాన్న బండ దగ్గరికి వెళ్ళి, పొద్దు వాలేలోగా ఇంటికొస్తున్నాడు. నాలుగిళ్ళ పొయ్యిలు ఆ బండ చేపల మీదే వెలుగుతున్నాయి. కాస్త పిచ్చి కూడా పట్టింది. సున్నం తెచ్చి ఇంటికి సముద్రం వైపు గోడ మాత్రమే వేశాడు. రోడ్డు వైపు ఎవరు వేస్తార్రా అంటే, వచ్చేపోయేవాళ్ళంతా అటు నుంచే కదక్కా అని నవ్వాడు.

రోజూ జపమాలలో ఒక పూస నీకు.

అక్క జెసింత

*

ఏప్రిల్ 30

అక్కా,

నీ ఉత్తరం విప్పి, అతికించి ఇచ్చారు. ఏం చదువుకున్నారో, ఆ అధికారి నన్ను చూసి జాలిగా తల ఊపాడు. జాలి ఉంటే వదిలిపెట్టొచ్చుగా.

ఇక్కడ మమ్మల్ని దొంగలంటారు. వాళ్ళ గీత దాటామట. నీళ్ళ మీద గీత ఎవడు చూశాడు? మన దగ్గర నీళ్ళు వేడెక్కాయి, చేప చల్లటి చోటు వెతుక్కుంటూ పోయింది, మేం దాని వెనక పోయాం. చేపను ఎవడూ కాగితాలడగలేదు. పడవ యజమాని ఒక్కసారైనా పలకలేదు. చేపలు పట్టినందుకు జైల్లో పెట్టి, చేప ముక్క పెట్టరు ఇక్కడ. రోజూ పప్పే.

ఫ్లాటు సంగతి. ఇందులో నా మాట అడగాల్సిందేముంది? గిన్నె తేలిందని ఒక్క మాటలో రాసి ఊరుకున్నావు. నాకు తెలియదా ఆ అల? నువ్వు తలూపి, ప్రార్థన చేసి, మళ్ళీ తలూపి, ఏడాది గడిపేస్తావు. ఆ లోపల నీ తల కూడా తేలుతుంది. ఎంబసీ మనిషి రానీ, వచ్చిన రోజునే సంతకం పెట్టేస్తాను.

స్టెల్లస్ బండ మీదికి వెళ్తున్నాడంటే సంతోషం. ఒడ్డునున్న సిలువ గద్దె కిందటేడు కొట్టుకుపోయిందని రాశావు కదా. మరి వాడిప్పుడు ఏ గుర్తు పట్టుకుని అక్కడ ఆగుతున్నాడో. నాకు రాయమనకు. అది కాగితం మీద పెట్టే మాట కాదు, నీతో చెప్పే మాటా కాదు. ఏదో ఒకటి పట్టే ఉంటాడు, మొండి వెధవ.

ఒక్కటి మాత్రం చెయ్యి. వాణ్ణి దూరపు పడవ ఎక్కనివ్వకు. బండ చేతిలో ఉన్నంత కాలం వాడికి ఆ గతి పట్టదు. ఒక ఇంటికి ఒక ఖైదీ చాలు.

క్లీటస్

*

మణల్‌తుర
మే 19

తమ్ముడూ,

సంతకం పెట్టకు.

ఈ మాట ముందు రాస్తే ముందు చదువుతావని రాశాను. ఇక కారణం.

నిన్న ఆఫీసు నుంచి ఒకాయన కొలత టేపుతో వచ్చాడు. ఇంటి మీద ఎర్ర రంగుతో గుర్తు వేశాడు. పడగొట్టాల్సిన ఇల్లని అర్థం. వేసి వెళ్ళాక స్టెల్లస్ వచ్చి చూశాడు. వాడు నాతో ఎప్పుడూ గొంతెత్తడు. నిన్న ఎత్తాడు. ఎవరినడిగి ఒప్పుకున్నావన్నాడు. నీకు రాశానన్నాను. అన్నను అడిగావుగానీ పడవ నడిపేవాణ్ణి నన్నడిగావా అన్నాడు. తరవాత అక్కడే వాకిట్లో కూర్చుని, తల వంచుకుని చెప్పాడు.

ఇదంతా నీకు తెలిసిందే. తెలియనిది నాకు. దూరాన కొండ, దగ్గర ఒడ్డున సిలువ గద్దె, రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవ నిలిపితే ఒక గీత. చర్చి గోపురంతో రెండో గీత. రెండు గీతలూ కలిసే చోట నీళ్ళ కింద నాన్న బండ. ఏ కొండ అన్నది రాయను, వాడూ చెప్పలేదు. గద్దె పోయాక వాడు నెలల తరబడి వెతికితే, ఆ కొండ కిందికి సరిగ్గా వచ్చింది మన ఇల్లట. సున్నం అందుకే వేశాడు.

నేను ఈ ఇంట్లో పుట్టాను. అమ్మ పోయాక మీ ఇద్దరికీ ఇక్కడే అన్నం పెట్టాను. బండ చేపలే గంపలో పెట్టుకుని వీధులన్నీ తిరిగాను. ఆ బండ ఎలా దొరుకుతుందో నాకు చెప్పిన వాళ్ళు లేరు. ఆడపిల్లకు చెబితే పెళ్ళి చేసుకుని ఇంకో ఊరికి పట్టుకుపోతుందని భయమట. నేను ఏ ఊరికి పోయాను?

దారి చూపే జీపీఎస్ యంత్రంలో పెట్టుకోవచ్చు కదరా అన్నాను. నాన్న బలిపీఠం ముందు చేయించిన ప్రమాణం మరిచిపోయావా అన్నాడు. పక్క తుర పల్లె వాళ్ళ బండ ఒకడి యంత్రంలోంచి ట్రాలర్ల వాళ్ళకు చేరి, పెద్ద వలలు ఈడ్చి ఈడ్చి గోకేశాయి కదా. అక్కడిప్పుడు బురదే మిగిలింది.

కాగితం మీద పెట్టే మాట కాదని నువ్వు రాశావు. పెట్టాను. ఇల్లు పోతే బండ పోతుంది. బండ పోతే వాడు దూరపు పడవ ఎక్కుతాడు. ఎక్కనివ్వొద్దని నువ్వే రాశావు.

నీళ్ళు వస్తే రానీ. మంచం ఎత్తు పెంచాను.

అక్క

*

మే 21

అక్కా,

అయిపోయింది. ఎంబసీ మనిషి నిన్న వచ్చాడు. కాగితం మూడు చోట్ల చూపించాడు, మూడు చోట్లా పెట్టాను. ఇక్కడికొచ్చాక మొదటిసారి నా చేత్తో మీకు ఒక మేలు చేశాననిపించింది. కడుపు నిండా పప్పు తిన్నాను, నవ్వకు.

పై అంతస్తు అడుగు. పొడి గదిలో పడుకుని నీకు నచ్చినంత సేపు జపమాల చెప్పుకో.

క్లీటస్

*

మణల్‌తుర
జూన్ 14

క్లీటస్‌కు,

నీది అందింది. నాది నీకు అందేసరికి నువ్వు సంతకం పెట్టేసి ఉంటావు. దారిలో ఆ రెండూ ఒకదాన్నొకటి దాటుకుపోయి ఉంటాయి.

ఆఫీసుకు వెళ్ళాను. కుర్చీలో ఉన్నాయన మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. ఇద్దరి ఒప్పుదలా వచ్చాక వెనక్కి తీసుకునే పద్ధతి లేదన్నాడు. మీ మంచికే కదమ్మా అన్నాడు. ఇల్లు ఉంచాల్సిన అవసరం ఉందన్నాను. ఏం అవసరమని అడిగాడు. చెప్పలేకపోయాను. నా నోట్లో ఉన్నది నాది కాదు.

పక్కన ఒక చదువుకున్న అమ్మాయి కూర్చుంది. సముద్రం వేడెక్కిందని, కవ్వలు చల్లటి నీళ్ళకు పోయాయని, ఇక మీ వాళ్ళు వేరే పని చూసుకోవాలని నెమ్మదిగా చెప్పింది. నిజమే చెప్పి ఉంటుంది. నేను అడిగాను, “వేడి చేసింది ఎవరమ్మా? మా తురలో బండి అంటూ ఉంటే ఫాదర్ గారి స్కూటరు ఒక్కటే.”

అమ్మాయి తన కాగితాలు సర్దుకుంది. ఆయన మాత్రం మంచినీళ్ళు తెప్పించాడు. తాగకుండా లేచి వచ్చాను. అమ్మ ఉంటే తిట్టేది.

నీ మీద కోపం ఉంది. దాచను. నా మీద కూడా ఉంది, మొదట తలూపింది నేనే. నాన్న మీద అందరికంటే ఎక్కువ ఉంది. ఆయన సమాధి మీద పూలు పెట్టడం ఈ వారం మానేశాను.

జెసింత

*

జూన్ 20

అక్కా,

మే 19 నాటి నీ ఉత్తరం ఇవాళ ఇచ్చారు. మొదటి మాట చదివి మిగతాది చాలాసేపు చదవలేదు.

గోడకు తల కొట్టుకుంటే పక్క ఖైదీలు పట్టుకున్నారు. ఇప్పుడు రాస్తున్నాను. రాయకపోతే మళ్ళీ కొట్టుకుంటాను.

నువ్వెందుకు తలూపావక్కా? నువ్వే కదా ఫ్లాటు మాట ఎత్తింది, ఫ్రీడాకు ఇష్టమని, పిల్ల భయపడుతోందని రాసింది. నేను ఇక్కడ గోడలు చూస్తూ పిల్ల భయాన్నే తలుచుకున్నాను. ఆ స్టెల్లస్ ఏం మనిషి? సున్నం వేసేటప్పుడే ఒక్క మాట నీ చెవిన వేస్తే నోరు పోతుందా? ఈ మాట అంటున్నాను గానీ, నేనైతే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

ఎంబసీ మనిషి మళ్ళీ వస్తే సంతకం చింపేయమంటాను. నెలకోసారే వస్తాడు.

ఇల్లు పోయే లోపల వాణ్ణి బండ మీదికి పంపి వేరే గుర్తు పట్టమను. పని మానిపించి పంపు.

క్లీటస్

*

మణల్‌తుర
జూలై 12

తమ్ముడూ,

వేరే గుర్తు పట్టమని నువ్వు రాసింది ఇవాళ అందింది. ఇల్లు పోయిన వారం పోయింది.

పెద్ద అలలు వస్తాయని హెచ్చరిక పెట్టారు. పడవలన్నీ పైకి లాగించి పోలీసుల్ని కాపలా పెట్టారు. ముందు వరస వాళ్ళందరినీ బడిలోకి తరలించారు. ఈ ఏడు ఎన్ని హెచ్చరికలో లెక్క మరిచాను. హెచ్చరిక ఉన్న రోజు వేట లేదు, వేట లేని రోజు గంజి. వచ్చిన అలలు కొన్ని, రానివి కొన్ని. ఈసారివి రాలేదు. ఇళ్ళు పడగొట్టే యంత్రం వచ్చింది.

మేము బడిలో ఉండగా పడగొట్టారు. మనుషులు లేనప్పుడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదని చేశారట. శబ్దం విని ఫ్రీడా పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి సముద్రం వైపు గోడ ఒక్కటీ నిలబడి ఉంది, తెల్లగా. యంత్రం నడిపే అతను మెడలో దేవుడి పతకం వేసుకున్నాడు. ఆ గోడ ఉంచెయ్యి నాయనా అని అడిగాను. “లెక్కలో మొత్తం ఇల్లు ఉందమ్మా, గోడ వదిలితే నా కూలి ఆపుతారు” అన్నాడు. నా వంక చూడకుండా తోసేశాడు. మిగిలింది వంటింటి గుమ్మం రాయి.

హెచ్చరిక ఎత్తేశాక స్టెల్లస్ పోయి వెతుకుతున్నాడు. చర్చి గోపురం గీత ఉంది, కొండ గీత లేదు. ఆ ఒక్క గీత పొడుగునా సీసం గుండు దించి అడుగు తడుముకుంటూ పోతాడు. వానాకాలపు నీటి లాగుడుకు పడవ నిలవదు. ఉన్న కిరోసిన్ అయిపోయింది. దక్షిణాన కొత్త హార్బరు దీపం స్తంభం ఒకటి గట్టిగా నిలబడి ఉంది గానీ, దాని వెనక కొండ లేదట. వెనక కొండ లేనిది గుర్తు కాదట. ఇప్పుడు అన్నీ చెబుతున్నాడు నాకు.

గుమ్మం రాయి పక్కన వెదురు పాతి దుప్పటి కట్టాం. ఆఫీసు కాపలా కుర్రవాడు పీకేశాడు. మళ్ళీ పాతాం. మళ్ళీ పీకేశాడు. ఒడ్డు నుంచి వాళ్ళు గీసిన హద్దు లోపల ఏ కట్టడమూ ఉండకూడదట. మనిషిని చూసి గీసిన గీతలే అన్నీ, అక్కడా ఇక్కడా.

నిన్న నీ పాత యజమాని మనిషి వచ్చాడు. దూరపు పడవలో ఒక చోటు ఖాళీ ఉందన్నాడు. అది ఎవరి చోటో నేను అడగలేదు. స్టెల్లస్ ఆలోచిస్తానన్నాడు. ఆ మాట నా దగ్గరే నేర్చుకున్నాడు.

ప్రార్థనలో నాకు మాటలు రావడం లేదు. పూసలు మాత్రం తిప్పుతున్నాను.

అక్క

*

ఆగస్టు 5

అక్కా,

వాడి కాళ్ళు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టు. ఇల్లు లేదు కదా, బళ్ళో కూర్చోబెట్టు.

ఆ యజమాని నా పేరెత్తాడా? నేను బతికున్నానా అని అడిగాడా? అడిగి ఉండడు. మేం పట్టుబడ్డ రోజు వైర్‌లెస్‌లో వాడి మొదటి మాట, “వలలు జాగ్రత్త” అని. స్టెల్లస్‌కు ఈ మాట చదివి వినిపించు.

ప్రమాణం సంగతి దేవుడితో నేను తేల్చుకుంటాను. దారి చూపే యంత్రం కొని బండను అందులో పెట్టండి. నాన్న వచ్చి అడిగితే నా పేరు చెప్పు.

ఇంకో మాట. ఎంబసీ మనిషి ఈసారి మంచి మాట చెప్పాడు. విడుదలకు మా పేర్లు పైకి వెళ్ళాయట. ఎప్పుడో చెప్పడు. నేను నమ్మను, నువ్వూ నమ్మకు.

క్లీటస్

*

మణల్‌తుర
ఆగస్టు 30

తమ్ముడు క్లీటస్‌కు,

యేసు క్రీస్తుకు స్తోత్రం. ఈ మాట మళ్ళీ రాయగలుగుతున్నాను.

యంత్రం గురించి మళ్ళీ రాయకు. అందులో పెట్టాలంటే ముందు బండ దొరకాలి. పైగా ఇక్కడ యంత్రాలు అమ్మేవాడి బావమరిదికి ట్రాలర్లున్నాయి. నాన్న చాలా విషయాల్లో తప్పు చేశారు. ఈ ఒక్కదానిలో కాదు.

స్టెల్లస్ సంచి సర్దుకున్నాడు. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. వచ్చినా ఆగేవాడు కాదు. నాలుగిళ్ళ వాళ్ళు వాడి మొహం వైపు చూస్తున్నారు. దూరపు పడవ బయల్దేరేది సోమవారం. ఆదివారం పూజ అయ్యాక, రేపు ఒక్క రోజు నా మాట విను, చిన్న పడవ వేసుకుని గోపురం గీత మీద నిలబడు, ఒడ్డు వైపు చూడు అన్నాను. ఏముందని చూడను అన్నాడు. నేనుంటానన్నాను.

పొద్దున్నే వెళ్ళి గుమ్మం రాయి మీద నిలబడ్డాను. వెదురుకు తెల్ల గుడ్డ కట్టాను. నన్ను పాతిపెట్టేటప్పుడు కట్టమని పెట్టెలో దాచుకున్న గుడ్డ. అంత పెద్దది, అంత తెల్లది వేరేది లేదు. పాతలేదు, చేత్తోనే పట్టుకున్నాను.

కాపలా కుర్రవాడు వచ్చాడు.

“అమ్మా, ఇక్కడ ఏమీ ఉండకూడదని చెప్పానుగా.”

“ఏ కట్టడమూ ఉండకూడదన్నావు. నన్నెవరైనా కట్టారా?”

“పైవాళ్ళొస్తే నా ఉద్యోగం పోతుందమ్మా.”

“వస్తే నా దగ్గరికి పంపు. జపమాల చెప్పుకుంటున్నానని చెప్పు. జపమాలకు హద్దు గీశారేమో అడిగి రా.”

వాడు వెళ్ళి నీడలో కూర్చున్నాడు.

పడవ చాలాసేపు అటూ ఇటూ ఊగింది. కొండ నా వెనక ఉంది, నాకు కనపడదు. కనపడాల్సింది వాడికి. అడుగు కూడా కదలకూడదని మాత్రం నాకు తెలుసు. చేతులు బరువెక్కినప్పుడు వెదురును భుజానికి ఆనించాను. రెండో జపమాల సగంలో పడవ ఆగింది. మళ్ళీ కదలలేదు. చాలాసేపటికి వాడు తెడ్డు పైకెత్తాడు.

సాయంత్రం బండ మీది ఎర్ర చేపలు తెచ్చాడు. దూరపు పడవ వాడి చోటు ఖాళీగానే పెట్టుకుని వెళ్ళింది.

అప్పటి నుంచి హెచ్చరిక లేని ప్రతి రోజూ నిలబడుతున్నాను. రాత్రికి ఫ్లాటులో పడుకుంటాను, నీ కూతురు నా పక్కనే. పొద్దున్నే వచ్చేస్తాను. నా గంప ఫ్రీడా ఎత్తుకుంది. బేరం ఆడటం చేతకాదు, కానీ అరవడం బాగా వచ్చు. ఊళ్ళో ఆడవాళ్ళు వంతులు వేసుకుంటామన్నారు. స్టెల్లస్ తల గోక్కున్నాడు. ఆడవాళ్ళకు గుర్తు తెలియకూడదు కదా. “గుర్తే మేమయ్యాక తెలియకపోవడమేమిట్రా” అన్నాను. కొండ పేరు కూడా ఆ రోజే చెప్పించుకున్నాను.

ఆఫీసాయన వచ్చాడు. ఇలా ఎంత కాలమమ్మా అన్నాడు. మీ హార్బరు గోడ మా ఇసుకను లాక్కున్నంత కాలం అన్నాను. నీళ్ళు గుమ్మం రాయికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయి. పోటుకు పాదాలు తడుస్తాయి. వచ్చే ఏడు మోకాళ్ళ దాకా వస్తాయేమో. అప్పుడు మోకాళ్ళ లోతులో నిలబడతాను. ఆ తరవాత ఏం చెయ్యాలో ఆయన చెప్పాలి, జీతం ఆయనకు ఇస్తున్నారు. ఇదే మాట అన్నాను. ఈసారి మంచినీళ్ళు తెప్పించలేదు.

నిన్ను క్షమించానని రాయలేను. ప్రతి పూటా పరలోక జపంలో ‘మేము క్షమించినట్టు’ అన్న మాట దగ్గర నాలుక ఆగుతోంది. నీకు, నాన్నకు, ఆ కుర్చీలో ఉన్నాయనకు, ఎక్కడెక్కడో కూర్చుని సముద్రాన్ని వేడెక్కించిన, నాకు పేర్లు తెలియని వాళ్ళకు, ఎవరికీ ఇంకా చెప్పలేదు. దేవుడు తొందరపెట్టడం లేదు.

నీ పేరు పైకి వెళ్ళిందన్నావు. నమ్మొద్దన్నావు, నమ్మాను. విమానం దిగి ఫ్లాటుకు వెళ్ళకు. నేరుగా ఇక్కడికి రా. తిట్టడానికి చాలా ఉంది, తరవాత తిడతాను. ముందు ఈ వెదురు పట్టుకో. భుజాలు లాగుతున్నాయి.

అక్క జెసింత